మొదటి బహుమతి ఒక బోరు

మాది పాలకొల్లు దగ్గర ఊరు. ఇంటి ముందు పంట కాలువ, ఇంటి వెనక చేపల చెరువు, వానాకాలంలో ఇంట్లోనే రెండూ. కర్నూలు వెళ్తున్నానని చెప్పగానే పక్కింటి సత్యవతిగారు నా చెయ్యి పట్టుకుని, "అక్కడ తాగడానికి నీళ్లుండవటమ్మా, మన నీళ్లు పట్టుకెళ్లు" అన్నారు. ఆవిడ కర్నూలు వెళ్లలేదు. నేనూ వెళ్లలేదు. ఆ ధైర్యంతోనే సీసాల నిండా నీళ్లు పోసుకుని పెట్టెలో చీరల మధ్య భద్రంగా సర్దుకున్నాను. కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైన మనిషిని. పెట్టె అడ్డం పడితే సీసా ఏమవుతుందో నాకు తెలియాలి.

తెలియలేదు. రైలు నంద్యాల దాటేసరికి పెట్టె కింద చిన్న మడుగు కట్టింది.

కర్నూలు: డాబా మీద చీరలు

నన్ను పిలిచింది రజియా. బి.ఇడి.లో నా రూమ్‌మేటు. నాకన్నా చిన్నది, ఇప్పుడు కర్నూలులో ఒక ప్రభుత్వ పాఠశాలలో సైన్సు టీచరు. కర్నూలు, కడప పిల్లలకు కలిపి పెట్టిన సైన్సు, రోబోల పోటీకి ఆమే పెద్ద. బయటి ప్రాంతం నుంచి ఒక జడ్జి కావాలని పట్టుబట్టి నన్ను రప్పించింది. ఇక్కడివాళ్లను కూర్చోబెడితే ఎవరో ఒక పిల్లవాడికి మేనమామ అవుతారని ఆమె బాధ.

ఇంటికి వెళ్లగానే నా పెట్టె తెరిచి చూసి, ఒక చీర పైకెత్తి పిండింది. తరువాత తాపీగా, "కరువు సీమకు వస్తా వస్తా వరద తెచ్చినావా సుభద్రా" అంది. చీరలన్నీ డాబా మీద ఆరేసింది. సాయంత్రంలోగా ఇద్దరు ఆడవాళ్లు మెట్లెక్కి వచ్చి ఆ నెమలికంఠం రంగుది ఎంత అని అడిగారు. ఒకావిడ బేరం కూడా మొదలుపెట్టింది. నేను కాస్త మెత్తబడ్డాను కానీ రజియా ఒప్పుకోలేదు.

మర్నాడు పొద్దున ఉగ్గాని తినిపించడానికి తీసుకెళ్లింది. మరమరాలను ఇక్కడ బొరుగులంటారు. వాటిని నీళ్లలో నానబెట్టి, నీళ్లు పిండేసి, పసుపూ ఉల్లిపాయలూ వేసి తాలింపు పెట్టి, పైన పుట్నాలపొడి చల్లి, మిరపకాయ బజ్జీలతో పెడతారు. ప్లేటు నలభై రూపాయలు. మా వైపు మరమరాలు మెత్తబడితే డబ్బా మూత సరిగ్గా పెట్టలేదని ఇంట్లో గొడవ అవుతుంది. ఇక్కడ కావాలని మెత్తబరిచి టిఫిను అంటున్నారు. మొదటి ముద్ద అనుమానంగా తిన్నాను. రెండో ప్లేటు నేనే చెప్పాను. బజ్జీ మాత్రం నా లెక్కకు అందలేదు. కళ్లు తుడుచుకుంటుంటే హోటలాయన వచ్చి, "ఇది కారం తక్కువది మ్యాడం, బయటి ఊరోళ్లకు చేసింది" అని ఓదార్చాడు.

అక్కడే రజియా పోటీ కరపత్రం చూపించింది. దాని నిండా ఒక పెద్దమనిషి ఫొటో. నల్ల కళ్లద్దాలు, భుజం మీద జరీ కండువా. ఆయన మోచేతి కింద ఎక్కడో చిన్న రోబో బొమ్మ. ఆ పెద్దమనిషి ఓబుల్ రెడ్డి, ఖర్చంతా ఆయనదే. రాయచోటిలో ఇల్లు, బోర్లు వేసే బండ్లు అరడజను దాకా ఉన్నాయట. సైన్సు మీద అంత అభిమానం ఏమిటని అడిగాను. ఆయన పోటీదారు క్రికెట్టు టోర్నమెంటుకు కప్పులిచ్చాడట, ఇంకో బండ్ల యజమాని కబడ్డీ పట్టుకున్నాడట. ఎవరూ ముట్టుకోకుండా మిగిలింది సైన్సు.

కరపత్రం అడుగున పెద్దక్షరాలతో ఇలా ఉంది: ప్రథమ బహుమతి, విజేత పొలంలో ఉచితంగా ఒక బోరు.

నేను గట్టిగా నవ్వాను. మా వైపు ఇలాంటి పోటీల్లో షీల్డు ఇస్తారు, లేదంటే ట్యాబ్ ఇస్తారు. బోరు ఇస్తే ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. రజియా నవ్వలేదు. "ఈడ పిల్లోళ్లు షీల్డు కోసరం ఇంత పని చేస్తారనుకున్నావా?" అంది.

ఓర్వకల్లు: దండ వేసే యంత్రం

ఓర్వకల్లు రాళ్లను చూడటానికి జనం టిక్కెట్టు కొంటారు. కొనదగ్గవే. ఒకదాని మీద ఒకటి ఎక్కి, ఇప్పుడే పడతామని చెప్పి ఎన్నో యుగాలుగా పడకుండా నిలబడ్డ బండలు. మట్టిలో చెయ్యి పెడితే నీళ్లు ఊరే ఊరి నుంచి వచ్చిన నాకు, ఇంత రాయి ఒక్కచోట ఉండటం కొంచెం దుబారాగా అనిపించింది.

ఆ రాళ్లకు కాస్త దూరంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ. మొదటి అంతస్తులో పెద్ద హాలు, హాలు నిండా పిల్లలు, తీగలు, బ్యాటరీలు. ప్రతి రోబో నుదుట ఓబుల్ రెడ్డి గారి స్టిక్కరు. పిల్లలు అమాయకులని ఎవరన్నారో కానీ, వీళ్లకు పోటీ ఎలా గెలవాలో బాగా తెలుసు. ఒక రోబో ఆయన ఫొటోకు నమస్కారం పెడుతుంది. ఒకటి ఆయన పేరు చెబుతూ మంచినీళ్ల గ్లాసు అందిస్తుంది. నంద్యాల నుంచి వచ్చిన ఒక ప్రైవేటు స్కూలు వాళ్లదైతే ఏకంగా ఆయనకు దండ వేసే యంత్రం.

ఓబుల్ రెడ్డి గారు మనిషి ఫొటోలో కన్నా చిన్నగా, ఫొటోలో కన్నా సరదాగా ఉన్నారు. వినయంగా తల వంచారు. యంత్రం దండ వేసింది. దండ వేయడమైతే నేర్పారు కానీ వదలడం ఎవరూ నేర్పలేదు. అది దండ పట్టుకునే వెనక్కి బయల్దేరింది. పెద్దమనిషి ఒక చేత్తో కళ్లద్దాలు, ఒక చేత్తో కండువా పట్టుకుని దాని వెనకే కొత్త పెళ్లికూతురిలా హాలు సగం నడిచారు. ఎవరో పరిగెత్తి ప్లగ్గు పీకారు. ఆయన దండ సర్దుకుని, శానా బాగుందని మెచ్చుకున్నారు.

హాలు చివర, కిటికీ పక్కన ఉరుకుందమ్మ బల్ల. పత్తికొండ దగ్గరి పల్లె, తొమ్మిదో తరగతి. ఆ పడమటి వైపు ఉరుకుంద ఈరన్న స్వామి పేరు ఇంటికొకరికి ఉంటుందట. నూనె రాసి బిగించిన రెండు జడలు, హాలంతా వినబడే గొంతు. పిల్ల తయారు చేసింది ఒక బండి. సైకిలు చైను, బొమ్మ కారు మోటారు, పైన చెయ్యి చాపినట్టు ఒక ఇనుప రేకు. రేకు మీద పీచు తీసిన ఒక కొబ్బరికాయ అడ్డంగా పడుకుని ఉంది.

నాకు తల తిరిగింది. మా గోదావరి వైపు లారీల కొద్దీ కాయలున్నాయి కానీ ఒక్కదాన్నీ ఇలా ఊరేగించడం చూడలేదు. రజియా చెప్పింది. ఈ వైపు బోరు వేసేముందు, తెలిసినవాడొకడు అరచేతిలో టెంకాయను అడ్డంగా పెట్టుకుని పొలమంతా నడుస్తాడు. ఎక్కడ కాయ దానంతటది నిటారుగా లేస్తుందో అక్కడ కింద నీళ్లున్నట్టు. అక్కడే బోరు.

"మనిషి చేతిలో లేసే టెంకాయ నా బండి చేతిలో యాడా లేయలేదు మ్యాడం" అంది ఉరుకుందమ్మ. "మా ఊర్లో నీళ్లు పడిన బోర్ల కాడ తిప్పినా, పడని బోర్ల కాడ తిప్పినా. రెండు చోట్లా పండుకొనే ఉండాది. అంటే లేపేది నీళ్లు కాదు, చెయ్యి."

ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇంత శుభ్రమైన ప్రయోగం నా విద్యార్థులెవరూ చేయలేదు. ఆ సంతోషంలో, నీకు ఈ ఆలోచన ఎలా వచ్చిందమ్మా అని అడిగాను. వాళ్ల నాన్న టెంకాయను నమ్మి రెండు బోర్లు వేశాడు. రెంటిలోనూ దుమ్ము వచ్చింది. ఈసారి నీళ్లు పడకపోతే జనవరిలో ఇల్లు మూసి, అందరూ గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోవాలి. దాన్ని వాళ్లు సుగ్గి అంటారు. పోయిన ఏడు సుగ్గిలో ఆమె బడి చాలావరకు పోయింది. ఈసారి కూడా పోతే పదో తరగతికి పంపరు.

"గెలిస్తే మాకు బోరు వస్తాది మ్యాడం. ఈడికి నేను అందుకే వస్తి" అంది. ఆ బోరు ఎక్కడ వేయాలో కూడా ఆమెకు తెలుసు. వాళ్ల సైన్సు సారు భూగర్భ జలాల ఆఫీసు వాళ్లను పిలిపిస్తే, వాళ్లు మీటరు పెట్టి చూసి వంక పక్కన పొలం మూల ఒక చోట గుర్తు పెట్టారట. అక్కడ టెంకాయ లేవలేదని వాళ్ల నాన్న ఆ గుర్తు మీద కంది నాటేశాడు.

అప్పుడు చూశాను, నా వెనక హాలంతా మా వైపే తిరిగి ఉంది. ఓబుల్ రెడ్డి గారు అక్కడే నిలబడి అంతా విన్నారు. రజియా నా కొంగు పట్టుకుని లాగుతోంది. నాకు తరువాత తెలిసింది, బండ్లు కొనకముందు ఆయన వృత్తి టెంకాయ పట్టడమేనని. రెండు జిల్లాల్లో ఆయన చేతికి పేరు.

ఆయన కోప్పడలేదు. బండి మీది కాయను తీసి, తుడిచి, కళ్లకద్దుకుని అరచేతిలో పెట్టుకున్నారు. హాల్లో నెమ్మదిగా నడిచారు. తలుపు దగ్గరికి వెళ్లేసరికి కాయ లేచి నిలబడింది. జనం చప్పట్లు కొట్టారు.

మేమున్నది మొదటి అంతస్తు అని నేను అనబోయాను. ఆయనే, "ఈడ కింద ఏముండాది?" అని ప్రిన్సిపాలును అడిగారు. బాత్రూములున్నాయని ప్రిన్సిపాలు గారు చెప్పారు. "చూస్తిరా" అన్నారు ఓబుల్ రెడ్డి గారు. ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి.

"సార్" అంది ఉరుకుందమ్మ. "ఆ బాత్రూముల్లో పొద్దున్నుంచి నీళ్లు రావడం లేదు సార్."

ఆడపిల్లలందరూ ఒక్కసారిగా అవునని తలలూపారు. నేను నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను.

జడ్జీలం ముగ్గురం. నేను, ప్రిన్సిపాలు, ఓబుల్ రెడ్డి గారి మేనేజరు. మేనేజరు దండ యంత్రమే గొప్పదన్నాడు. ప్రిన్సిపాలుకు ఓబుల్ రెడ్డి గారు ఒక వాటర్ ట్యాంకు కట్టిస్తానన్నారు, అందువల్ల ఆయనకూ దండ యంత్రంలో ఏదో శాస్త్రం కనిపించింది. నాకు ఒళ్లు మండింది. ఉరుకుందమ్మకు ఇవ్వకపోతే నా పేరు తీసేయండి, ఎందుకు తీసేశారో రజియా మైకులో చెబుతుంది అన్నాను. రజియాను నేను అడగలేదు.

గొంతులు పెరిగేసరికి ఓబుల్ రెడ్డి గారే లోపలికి వచ్చారు. "నా దుడ్లతో నన్నే తిట్టిస్తాండారు మ్యాడం మీరు" అని కూర్చున్నారు. కాసేపు గడ్డం గోక్కున్నారు. "కానీ ఆ పిల్ల చెప్పింది చెప్పినట్టు చేసి చూపించె. దండ మిషను నా మెడ పట్టుకొని ఈడ్చుకొని పాయె. పిల్లకే ఇయ్యండి."

లేచి వెళ్తూ గుమ్మంలో ఆగారు. బోరు మాత్రం టెంకాయ నిలబడిన చోటే వేయిస్తానన్నారు. ఆయన బండి మీది కూలీలు టెంకాయ లేవకుండా ఇంజను స్టార్టు చేయరట. ఇది వాళ్ల పట్టింపు, ఆయన కూడా మార్చలేరట.

కడప: కారం దోశ, కొత్త బండి

బహుమతి ప్రదానం కడపలో. అదే రోజు అదే షామియానాలో ఓబుల్ రెడ్డి గారి కొత్త బోరు బండికి పూజ. రెండింటికి ఒకటే ఖర్చు. ఆళ్లగడ్డ మీదుగా వెళ్తుంటే రోడ్డు పక్కన శిల్పులు చెక్కిన దేవుళ్లు ఎండలో వరుసగా నిలబడి గిరాకీ కోసం చూస్తున్నారు. మా కారులో ఉరుకుందమ్మ, వాళ్ల నాన్న హనుమంతు కూడా ఉన్నారు. హనుమంతు మితభాషి. ఆళ్లగడ్డ నుంచి మైదుకూరు దాకా ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు, మా ఊళ్లో బోరు ఎంత లోతులో పడుతుందని. గునపంతో తవ్వినా నీళ్లొస్తాయని చెప్పాను. ఆయన నా వైపు అదోలా చూశాడు, అబద్ధాలాడే మనిషినని అనుకున్నట్టున్నాడు.

కడపలో కారం దోశ తిన్నాను. ఎర్రటి కారం దోశ మొత్తం పూసి, దాని మీద పప్పులపొడి. కర్నూలు బజ్జీతో నేను ఆరితేరాననుకున్నాను. తిన్నాక షామియానాలో మైకు ఇస్తే, సైన్సు ప్రాముఖ్యం గురించి మాట్లాడవలసిన నేను ముక్కు చీదుకుంటూ రెండు ముక్కలు చెప్పి కూర్చున్నాను. జనం అది భావోద్వేగం అనుకున్నారు. నా తరువాత మాట్లాడినాయన నా కన్నీళ్లను ప్రస్తావించాడు కూడా.

కొత్త బండికి అరటి పిలకలు కట్టి, నిమ్మకాయలు తొక్కించి, హారతి ఇచ్చారు. దాని పక్కనే ఉరుకుందమ్మ బండికీ బొట్టు పెట్టారు. ఆమె చేతిలో అట్టతో చేసిన పెద్ద బోరు బొమ్మ పెట్టి ఫొటో తీశారు. పిల్ల నవ్వలేదు. నా దగ్గరికి వచ్చి, ఓబుల్ రెడ్డి సారు చేతిలో టెంకాయ మళ్లీ ఆ పాత బోర్ల వైపే లేస్తే ఏం చేయాలని అడిగింది. ఆమె చేతిలోని అట్ట బోరును నేను పట్టుకుని, ముందు కడుపు నిండా తిని రమ్మని పంపాను.

పత్తికొండ వైపు: వంక పక్కన మూల

బండి మా కన్నా ముందే పల్లెకు చేరింది. హనుమంతు ఇంట్లో జొన్న రొట్టె, చెనిక్కాయల ఊరిబిండి, అంటే వేరుశనగ పచ్చడి, పెట్టారు. రొట్టె చేతుల మధ్య కొట్టి చేస్తున్న చప్పుడు వీధంతా వినిపిస్తోంది. మా వైపు అతిథికి తినమని బలవంతం చేస్తారు, ఇక్కడ అడగకుండానే విస్తట్లో వేసి పక్కకు తిరిగిపోతారు. వద్దనడానికి మనిషి దొరకడు.

పొలానికి ఊరు ఊరంతా వచ్చింది. ఓబుల్ రెడ్డి గారు చెప్పులు విడిచి, కాయ పట్టుకుని నడిచారు. కాయ లేచింది. ఎక్కడ? పొలం నడుమ, రెండో పాత బోరుకు పది అడుగుల దూరంలో. హనుమంతు చేతులు జోడించాడు. తమిళనాడు నుంచి వచ్చిన బండి కూలీలు రాడ్లు దించడానికి లేచారు.

ఉరుకుందమ్మ వంక పక్కన మూలకేసి చూస్తోంది. మిరప చేలు ఆమెకు అప్పుడే కనబడుతున్నాయని నాకు అనిపించింది. నేను గొంతు సవరించుకున్నాను, శాస్త్రం గురించి ఏదో చెబుదామని. నాకన్నా ముందు ఆమె ఓబుల్ రెడ్డి గారి దగ్గరికి వెళ్లింది.

"సార్, ఒక్కసారి నేను పట్టి చూస్తా."

ఆయన మొహం వెలిగిపోయింది. తప్పు తెలుసుకున్న పిల్లను దగ్గరికి తీసుకున్నట్టు, కాయ ఆమె అరచేతిలో ఎలా పెట్టుకోవాలో తనే నేర్పారు. ఆమె కళ్లు సగం మూసుకుని పొలమంతా నెమ్మదిగా, భక్తిగా నడిచింది. నాటకాల వాళ్లు ఆమె దగ్గర నేర్చుకోవాలి. పాత బోర్ల దగ్గర కాయ పడుకునే ఉంది. వంక పక్కన మూలకు, కంది మొక్కల్లోకి వెళ్లింది. కాయ వణికింది, ఒక పక్కకు ఒరిగింది, నిటారుగా లేచి నిలబడింది.

నేను పక్కనే ఉన్నాను. బొటనవేలి మొదలు పైకి ఉబకడం నాకు స్పష్టంగా కనబడింది. ఆమె ఒక్క క్షణం నా కళ్లలోకి చూసింది. పోటీలో జడ్జిని కదా, నోరు తెరవాలి. నేను ఆకాశంలోకి చూసి, ఎండ బాగా ఉందే అన్నాను.

ఇప్పుడు రెండు చోట్ల లేచింది. ఏది నిజం? ఊరు రెండు జట్లయింది. ఓబుల్ రెడ్డి గారు లేచి నిలబడి, గెలిచింది పిల్ల కాబట్టి పిల్ల చెయ్యే చెయ్యి అని తేల్చేశారు. హనుమంతు తాను నాటిన కంది మొక్కలను తానే పీకి పక్కన పెట్టాడు. ఆ కాయనే అక్కడ కొట్టి ఇంజను స్టార్టు చేశారు.

బోరు బండి చప్పుడు దూరం నుంచి వినడం వేరు, పక్కన నిలబడటం వేరు. మొదట ఎర్ర మట్టి లేచింది, తరువాత తెల్లటి రాతి దుమ్ము. అందరి తలలూ నెరిసిపోయాయి. నా చీరల్లో చివరిది, ఆ నెమలికంఠం రంగుది, పిండిమరలో గుడ్డలా అయింది. రాడ్డు మీద రాడ్డు దిగుతోంది, దుమ్ము తప్ప ఏమీ లేదు. జనం ఒక్కొక్కరే కూర్చున్నారు. ఉరుకుందమ్మ మాత్రం నిలబడే ఉంది. నాకు భయం వేసింది. మీటరు తప్పయితే ఈ పిల్ల ఏమైపోతుందని, నేను ఏ దేవుడికీ పెద్దగా మొక్కని దాన్ని, ఈరన్న స్వామికి ఒక మొక్కు మొక్కేశాను.

దుమ్ము రంగు మారింది. ముద్దలు ముద్దలుగా బురద ఎగిరింది. ఆ వెనకే నీళ్లు చిమ్మాయి, తెల్లగా, మనిషి ఎత్తు దాటి. నేను ఏడ్చేశాను. ఈసారి కారం దోశ లేదు.

జనం ఈలలు వేస్తూ తడిశారు. ఓబుల్ రెడ్డి గారు ఉరుకుందమ్మను భుజాల మీదకు ఎత్తించబోయారు. ఆమె దూరంగా జరిగి, ఆ హాలంతా వినబడ్డ గొంతుతోనే చెప్పింది.

"టెంకాయ లేయలేదు సార్. నేనే లేపినా. వేలితో."

ఓబుల్ రెడ్డి గారు కడుపుబ్బ నవ్వారు. "సూడండప్పా, ఇంత చెయ్యి పెట్టుకొని ఎంత అణకువో ఈ పిల్లకు."

నా వంతు వచ్చింది. అవును, నేను కూడా చూశాను, వేలితోనే లేపింది అన్నాను. ఆయన నా మీద జాలిపడ్డారు. కాలవల పక్కన బతికేవాళ్లకు టెంకాయతో పచ్చడి తప్ప ఏం తెలుస్తుందని అన్నారు. పక్క ఊరి రైతొకాయన అప్పటికే హనుమంతు భుజం మీద చెయ్యి వేసి, పాపను వచ్చే ఆదివారం తన చేనికి పంపమని అడుగుతున్నాడు. ఇంకొకాయన శుక్రవారం మంచిదంటున్నాడు. రెండు బోర్లు ఎండిన పొలంలో నిలబడి, టెంకాయ అబద్ధమని ఒక పిల్ల రుజువు చేస్తే, టెంకాయకు కొత్త దేవత దొరికింది.

హనుమంతు వాళ్ల చేతులు విడిపించుకుని కూతురి దగ్గరికి వచ్చాడు. ఆమె తల దించుకుంది, తిడతాడనుకుంది.

"నిజంగా నువ్వే లేపినావా?"

"అవు నాయనా."

ఆయన ఎగజిమ్ముతున్న నీళ్ల వైపు చూశాడు, పీకేసిన కంది మొక్కల వైపు చూశాడు.

"అట్లయితే ఆ ఆపీసోళ్ల మిషను భూమి లోపల ఎట్ల సూసె? నాకు అర్థమయ్యేట్ల చెప్పు."

ఫిజిక్సు పంతులమ్మను కదా, జవాబు నా నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. ఉరుకుందమ్మ ఒక కంది పుల్ల తీసుకుని తడి మట్టిలో అడ్డంగా గీత గీసింది. గీత మీద నాలుగు చోట్ల గుచ్చింది. ఇనుప చువ్వలు పాతుతారు నాయనా, వాటిలోకి కరెంటు పంపుతారు, తడి ఉన్న చోట అది సులువుగా పోతాది, ఎండు రాయైతే పోలేదు అని మొదలుపెట్టింది. హనుమంతు పంచె పైకి లాక్కుని, ఆమె పక్కన బురదలోనే చతికిలబడ్డాడు.